మధ్యాహ్నం కునుకు తీసే వాచీ

"డయలు మీద అక్షరాలు చూడు బావా. వాచీకేమో తాత వయసు, అక్షరాలకేమో ఇంకా తడి ఆరలేదు," అన్నాడు బావమరిది.

కటింగ్ మాస్టరు వినిపించుకోలేదు. వాచీని చెవికి ఆనించుకుని ఉన్నాడు. బడి మానేసి గుడ్డలు కత్తిరించే పనిలో చేరిననాడు ఆ కొట్టు యజమాని చేతికి ఇలాంటి కీ ఇచ్చే వాచీయే ఉండేది. కోరిక అప్పటిది. పెళ్ళి, పిల్లలు, చెల్లెలి కాన్పు, కారే పైకప్పు ఒక్కొక్కటిగా వచ్చి వరసలో ముందు నిలబడుతుంటే ఆ కోరిక మర్యాదస్థుడిలా వెనక్కి జరుగుతూ పోయింది.

పాత వాచీల కొట్టు పెద్దాయన వెనక మూత విప్పి చూపించాడు. పేరు వెలిసిపోతే డయలు మీద మళ్ళీ రాయించిన మాట నిజమేనన్నాడు. మిషను మాత్రం పుట్టినప్పటిదేనని, మూత మీదా మిషను మీదా ఒకటే గుర్తు ఉందని వేలు పెట్టి చూపించాడు. బావమరిది ఫోన్లో బొమ్మలు తీసి పోల్చి పెదవి విరిచాడు. కీ తలకాయ వేరేదన్నాడు, అద్దం మార్చారన్నాడు. మాస్టరు ఫ్యాను కొన్నా, పాత సైకిలు కొన్నా మోసపోయావని తేల్చేది అతనే. చాలాసార్లు అది నిజమయ్యేది కూడా. బడి మానేసినవాడు మోసపోతే తెలివితక్కువతనం, చదువుకున్నవాడు మోసపోతే అది వ్యాపారంలో నష్టం.

"పళ్ళు కట్టించుకున్నంత మాత్రాన మనిషి మారిపోతాడా? ఇది అసలుదే," అన్నాడు మాస్టరు, చెయ్యి చాపుతూ.

"మరి అక్కకేం చెప్తావు?"

"నీ తమ్ముడు వద్దన్నాడు, అందుకే కొన్నానని చెప్తా."

ఇంట్లో మాస్టరు భార్య వాచీని అటూ ఇటూ తిప్పి చూసింది. ధర అడగలేదు. ఇదీ ఆ ఫ్యాను లాంటిదేనా అని మాత్రం అడిగింది. మాస్టరు వాచీ వెనక్కి తీసుకుని చేతికి పెట్టుకున్నాడు.

"ఇది నకిలీదని తేలితే, ఇక ఈ ఇంట్లో నేను నా చేత్తో ఏదీ కొనను. అన్నీ నీ తమ్ముడే కొంటాడు. సరేనా?"

బావా బావమరిదీ పనిచేసేది ఒకే చొక్కాల ఫ్యాక్టరీలో. పొద్దున్నే గేటు దగ్గర ఫోను పెట్టెలో పడేసి లోపలికి పోవాలి. హాలుకు కిటికీలు లేవు, గోడకు గడియారం లేదు. సైరన్ మోగితే పని, మోగితే తిండి, మళ్ళీ మోగితే పని. ఫోను ఉన్నాక వాచీ దండగని అందరూ ఎప్పుడో మానేశారు. అందుకే మాస్టరు చేతి వాచీ హాలంతటికీ వింతైంది.

పొద్దుటి సైరన్‌కు వాచీ సరిపోయింది. తిండి సైరన్‌కూ సరిపోయింది. బావమరిది మొహం మాడింది. మాస్టరు డబ్బా మూత గర్వంగానే తీశాడు. సగం తిన్నాడో లేదో, లేవమని సైరన్. వాచీలో చూస్తే తిండి టైము ఇంకా అయిపోలేదు, పెద్దముల్లు పైకి పాకుతూనే ఉంది.

హాలంతా నవ్వింది. సాయంత్రం గేటు దగ్గర ఫోను చేతికొచ్చాక చూస్తే రెండిట్లోనూ ఒకటే టైము. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

"మధ్యాహ్నం కాస్త తిని కునుకు తీస్తుంది బావా, సాయంత్రానికి పరిగెత్తుకుంటూ వచ్చి కలుస్తుంది. దొంగ సరుకంటే ఇదే," అన్నాడు బావమరిది. ఆ మాట కుట్టుమిషన్ల వరసల వెంట ఇస్త్రీబల్లల దాకా పోయింది. మాస్టరు చెయ్యి కనిపిస్తే చాలు, నిద్ర లేచిందా అని అడిగేవాళ్ళు.

సెలవురోజు మాస్టరు వాచీని పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన పొద్దంతా ముందు పెట్టుకుని చూసి, దీనికి ఏ రోగమూ లేదన్నాడు. అమ్మినవాడు తన సరుకును తిట్టుకుంటాడా అన్నాడు బావమరిది. ఇంట్లో భార్య ఆ నెల సరుకుల చీటీ తమ్ముడి చేతికిచ్చింది. అదే మాస్టరుకు ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు మధ్యాహ్నం లేవమని సైరన్ మోగింది. అందరూ లేచారు. మాస్టరు లేవలేదు. ఇన్‌చార్జి వచ్చి గదమాయిస్తే వాచీ చూపించి, ఇంకా టైముందని చెప్పి, మరో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. బావమరిది చెయ్యి పట్టి లాగాడు, పరువు తీయొద్దు బావా అని బతిమాలాడు. పెద్దముల్లు నిటారుగా నిలబడ్డాకే మాస్టరు డబ్బా మూసి కత్తెర పట్టాడు.

ఆ మర్నాడు ఇంకో ఇద్దరు కూర్చుండిపోయారు. నవ్వడానికే కూర్చున్నారు, కానీ కూర్చున్నారు.

సాయంత్రం మేనేజరే హాల్లోకి దిగాడు. పెద్ద చదువులవాడు, వాచీల పిచ్చి ఉన్నవాడని పేరు. తన వాచీ మీదికి చొక్కా చెయ్యి లాక్కుని మాస్టరు వాచీ అడిగి తీసుకున్నాడు. కీ తిప్పాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, అందరికీ వినబడేలా తీర్పు చెప్పాడు. పక్కా నకిలీ అట. వేడికి లోపలి స్ప్రింగు సాగిపోతుందట, అందుకే మధ్యాహ్నం వెనకబడుతుందట.

"నిన్నెవరో బాగా మోసం చేశారయ్యా. పోనీలే, ఇంట్లో పెట్టుకుని చూసుకో. పనికి మాత్రం పెట్టుకురాకు."

హాలు నవ్వింది. బావమరిది తల దించుకున్నాడు, ఈసారి గెలిచినా సంతోషం లేదు. మాస్టరు వాచీ తీసుకుని, తొందరేమీ లేనట్టు పట్టీ బిగించుకున్నాడు.

"నకిలీదైతే నకిలీదే సార్. నా డబ్బుతో నేను కొన్నాను, నా చేతికి పెట్టుకున్నాను. రేపు మధ్యాహ్నం కూడా దీన్ని చూసే తింటాను, దీన్ని చూసే లేస్తాను. మీకు కుదరకపోతే గేటు చూపించండి."

మేనేజరు ఇన్‌చార్జిని వెంటబెట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున గేటు దగ్గర ఫోన్లతో పాటు వాచీలు కూడా తీసి పెట్టెలో వేయమన్నారు.