కండ్లు పెట్టే పని

"గీ బొమ్మ వేలానికి పోదు."

అహరోను ఆ మాట అని, పటం అద్దం మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

శనివారం హైదరాబాద్‌లో ఆధునిక, సమకాలీన కళల వేలం. అందులోని పదహారు కళాఖండాలను ముందుగా ఒక్కరోజు జనానికి చూపిద్దామని కరీంనగర్ హోటల్ కింది హాల్లో పెట్టారు. నల్లరంగు తప్ప మరేమీ లేని కాన్వాసు ఒకటి. పాత రేకులు అతికించి చేసిన బర్రె ఒకటి. వచ్చినవాళ్లు వాటి ముందు ఆగి, అర్థమైనట్టు తలలూపి పోతున్నారు. అహరోను ఆగింది పద్నాలుగో నంబరు దగ్గర. కింద చీటీ ఉంది: "కుర్చీలో స్త్రీ. రంగులద్దిన ఫోటో. కరీంనగర్, 1982. కళాకారుడు తెలియదు."

వేలం కంపెనీ పిల్ల స్పందన ఉరికొచ్చింది.

"తాతా, జర చెయ్యి తీయుండ్రి. అద్దం మీద మరకలు పడ్తయి."

"పడనీ. ఈమె నా భార్య మగ్దలేనమ్మ."

"ఏమన్న ఆధారమున్నదా?"

"నలభై మూడేండ్ల సంది ఇంకో ఆడదాన్ని ఇంట్లకు రానియ్యలే. సాలదా?"

"నాకు సాలుతది తాతా. కంపెనీకి సాలదు."

"పదహారు తెచ్చిండ్రు. పేపర్ల ఈమె బొమ్మనే ఎందుకేసిండ్రు?"

"గా కండ్ల కోసమే." స్పందన గొంతు తగ్గించింది. "ఎటు జరిగినా మననే చూస్తున్నట్టుంటయి. పెట్టెలు మోసేటోళ్లు గూడ దీన్ని గోడ దిక్కు తిప్పి పెట్టిండ్రు."

"గా కండ్లే అబద్ధం బిడ్డా. ఫోటో దిగేనాటికి ఆమె సచ్చిపోయింది."

స్పందన ఒక అడుగు వెనక్కి వేసింది.

"గట్ల బెదురుతవేంది? ఎన్కట బతికుండంగ ఫోటోలు దిగినోళ్లెందరు? మనిషి పోయినంక కుర్చీల కూసోబెట్టి తీసేటోళ్లు. స్టూడియోల టచింగ్ పని నాది. మూసిన రెప్పల మీద తెల్లరంగేసి, నడుమ నల్లగుడ్డు పెట్టి, ఎలుగు చుక్క దిద్దేటోన్ని. ఎందరికి కండ్లు తెరిచిన్నో లెక్కలేదు."

"ఈమెకు గూడ మీరే పెట్టిండ్రా?"

"నా చెయ్యి ఆడలే. ఫోటో తీసిన అంతయ్యకే చెప్పిన. నువ్వే పెట్టురా అన్న."

అహరోను పటం వైపు చూడకుండానే మాట్లాడుతున్నాడు.

"వారం దినాల జరం. తెల్లారేటాళ్లకు ఊపిరి లేదు. ఈ చేతితోనే రెప్పలు మూసిన. కుర్చీల కూసోబెట్టి ఫోటో తీసినంక, పొద్దుగూకక ముందే మిషన్ తోటల బొందపెట్టి మన్నేసినం. మర్నాడు అంతయ్య రీలు కడిగిండు. వారానికి బొమ్మ పట్టుకొచ్చిండు. సూడు, ఏం కండ్లు పెట్టిండో! పీక మీద కత్తి పెట్టినట్టు ఆ చూపేంది? నా మగ్దలేన ఎన్నడన్న గట్ల సూసిందా? చేతగానోడా అని నడి బజార్ల తిట్టిన. ఒక్క మాట ఎదురు చెప్పలే. బొమ్మ చంకల పెట్టుకొని పోయిండు. వాడు సచ్చిననాడు గూడ నేను గడప దాటలే."

"ఇప్పుడు మీకేం కావాలె తాతా?"

"కండ్లు మూయాలె. కన్ను మలిగితే సాలు, గదే చూపు కలలకొస్తది. అంతయ్యవి నీళ్ల రంగులు. తడిదూది పెడితే ఊడొస్తయి. కింద నేను మూసిన రెప్పలుంటయి. ఆమె నిద్రపోతది. నేను నిద్రపోత."

స్పందన పటం దగ్గరికి వంగి చూసింది.

"ఆధారమంటివి గద. పటం ఇప్పు. చుట్టూరున్న అట్ట తీయి. ఆమె మెడ ఎనుక నాలుగు వేళ్లు కనబడ్తయి. కుర్చీ ఎనుక దుప్పటి కప్పుకొని, తలకాయ వాలకుండ పట్టింది నేనే."

ఆమె పటాన్ని బల్ల మీదికి తెచ్చి, మేకులు వంచి, అద్దం తీసింది. అట్ట ఎత్తింది. తెల్లటి దుప్పటి మడతలో నాలుగు వేళ్లు. చూపుడు వేలికి సగం గోరు లేదు. అహరోను తన చెయ్యి తెచ్చి పక్కన పెట్టాడు. అదే వేలు, అదే సగం గోరు.

"అయ్యో తాతా," అంది స్పందన. "బొమ్మ ఓనర్‌కు ఫోన్ చేస్త. గప్పటిదాంక దీన్ని ముట్టొద్దు."

ఆమె ఫోన్ పట్టుకొని గుమ్మం దాకా వెళ్లింది. బల్ల మీద అద్దాలు తుడిచే దూది ఉంది. అహరోను చిటికెడు తుంచి, నాలుక మీద తడిపి, వేళ్ల నడుమ ముక్కు చేశాడు. మొదట చెంప మీద పెట్టి తిప్పాడు. గులాబీ రంగు దూదికి అంటింది. పెదవి మీద తిప్పాడు. ఎరుపు వచ్చింది. అంతయ్య రంగులు ఎప్పుడూ ఇంతే, పట్టు లేనివి.

దూది మార్చి ఎడమ కంటి మీద పెట్టాడు. మెల్లగా తిప్పాడు. ఇంకో దూది తడిపి కుడి కంటి మీద పెట్టాడు. ఈసారి గట్టిగా అదిమి రుద్దాడు.

"తాతా! ఓనర్ ఒప్పుకున్నడు!" స్పందన గుమ్మం దగ్గరి నుంచే కేకేసింది. "వేలంలకెళ్లి తీసేయమన్నడు. బొమ్మ మీరే ఇంటికి తీస్కపోవచ్చు!"

అహరోను తలెత్తలేదు. చేతిలోని రెండు దూది ముక్కలనూ కిటికీ వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

రెండూ తెల్లగానే ఉన్నాయి, నల్లరంగు మచ్చ కూడా అంటలేదు. పటంలో ఆ కళ్లు అలాగే తెరుచుకుని ఉన్నాయి.