కింది వరస

పట్టాభిరామయ్య చూపు సంగతి చెబితే కోతలంటారు గానీ, ఫిల్మ్‌నగర్ గుట్ట మీద నిలబడి కృష్ణానగర్ సందులో ఇడ్లీబండి మీద వాలిన ఈగ ఆడదో మగదో చెప్పగలడు. అనుమానముంటే కృష్ణానగర్‌లో ఎవరినైనా అడగండి. ఈగను తప్ప.

అంతటి మనిషిని మనవరాలు మనోజ్ఞ ఒకరోజు కంటి పరీక్షకి తీసుకెళ్ళింది. పరీక్ష ఆయనకి కాదు, ఆమెకి.

మనోజ్ఞ కళ్ళ డాక్టరు. బోరబండలో చిన్న క్లినిక్కు. జూబ్లీహిల్స్‌లో ఉన్న నేత్రవైద్యుల సంఘంలో సభ్యత్వం దొరికితే, రెటీనా వైద్యంలో వాళ్ళిచ్చే శిక్షణలో చోటు దొరుకుతుంది. లేకపోతే బోరబండలో కళ్ళజోళ్ళ నంబర్లు రాసుకుంటూ కూర్చోవాల్సిందే.

ఆ సంఘానిది ఒక పద్ధతి. చేరదలచినవాళ్ళు, తాము స్వయంగా జబ్బు కనిపెట్టిన మనిషిని వెంటబెట్టుకు రావాలి. పెద్దలు ఆ మనిషిని ప్రశ్నలడిగి చూస్తారు. తెచ్చిన డాక్టరు మాత్రం నోరు విప్పకూడదు. కిందటేడు మనోజ్ఞని తిప్పి పంపారు. ఇది రెండోసారి. మూడో అవకాశం ఉండదు.

"నేనేం చెప్పాలే?" ఆటోలో అడిగాడు పట్టాభిరామయ్య.

"కనిపించింది కనిపించినట్టు చెప్పండి తాతయ్యా. అంతే."

అక్కడే వచ్చింది చిక్కు. ఈగ సంగతి వదిలేయండి, అది నేను సరదాకి అన్నాను. ఏడాదిగా ఆయనకి ఎదురుగా ఏనుగు నిలబడ్డా కనపడదు. చూపు నడిమధ్య పొగచూరినట్టు ఒక మరక. పక్కలు మాత్రం కనిపిస్తాయి. ఆ పక్కచూపులతోనే గడప దాటుతాడు, ఆటో ఎక్కుతాడు.

ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతాడు? సినిమాల్లో ఆయన ప్రాంప్టరు. తెలుగు రాని హీరోయిన్లకి కెమెరా పక్కన నిలబడి డైలాగు అందించడం పని. కాగితం చదవలేడని తెలిస్తే మర్నాటి నుంచి పిలిచేదెవరు? అందుకే డైలాగు ఎవరైనా ఒకసారి చదివితే చాలు, విని మనసులో అచ్చేసుకుంటాడు.

కళ్ళ డాక్టర్ల దగ్గరా అదే విద్య. ముందువాళ్ళు చార్టు చదువుతుంటే వినేవాడు. తన వంతు రాగానే గడగడా ఒప్పజెప్పేవాడు. చూపు భేషుగ్గా ఉందని ఇద్దరు డాక్టర్లు రాసిచ్చేశారు కూడా.

మనోజ్ఞ మాత్రం కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూసింది. ఏం రాసుకుందో చెప్పలేదు. చెబితే పరీక్ష చెల్లదట. పట్టాభిరామయ్యకి తోచింది ఒక్కటే. మనవరాలు చూసిన కళ్ళే కనపడ్డం లేదంటే దాని పరువేం కావాలి?

సంఘం గదిలో ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. ఎదురుగా గోడ మీద అక్షరాల చార్టు. ఒక పక్క బల్ల వెనక అధ్యక్షురాలు శ్యామలాదేవి, ఆమెతో డాక్టరు కమలాకర్. ఇంకో పక్క మనోజ్ఞ, చేతులు కట్టుకుని.

"మీకు ఎదురుగా ఏం కనిపిస్తోందో చెప్పండి బాబాయ్ గారూ" అంది శ్యామలాదేవి.

పట్టాభిరామయ్య గొంతు సవరించుకున్నాడు.

"గ. తర్వాత ర, ప. ఆ కింద వ, ట, న..."

ఒక్క అక్షరం తడబడలేదు. మనోజ్ఞ గాజులు గలగలమన్నాయి.

కమలాకర్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "ఏందీ! ఇంక కింద గూడ ఏమన్న ఉన్నదా పెద్దమనిషీ?"

"ఎందుకు లేదండీ! చీమ తలకాయలంత అక్షరాలు. ద, క, య, ల, మ, త. దాని కింద అచ్చేసిన ప్రెస్సు ఊరు కూడా చదవమంటారా?"

"జర సదువుండ్రి, పుణ్యముంటది."

"బెజవాడ" అన్నాడు పట్టాభిరామయ్య, మీసం సవరించుకుంటూ.

శ్యామలాదేవి ఏదో కాగితం తిప్పిన చప్పుడైంది. "ఎదురుగా ఉన్నదేదీ మీకు కనిపించదని మీ మనవరాలు రాసింది. అంతకుముందు చూసిన ఇద్దరూ మీ చూపు బాగుందన్నారు. ఎవరి మాట నమ్మమంటారు?"

ఆయన చటుక్కున మనోజ్ఞ వైపు తిరిగాడు. సూటిగా చూస్తే ఆమె ముఖం ఉండాల్సిన చోట మరక. తల ఓరగా తిప్పితే తెల్లకోటు కనిపించింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోంది పిచ్చితల్లి.

"అమ్మా, అబద్ధమాడాను. నాకేం కనపడదు. అదంతా కంఠస్థం."

"ఇప్పుడే గద బెజవాడ గిట్ల సదివిండ్రు?" అన్నాడు కమలాకర్.

"అది నోటికొచ్చి అనేశాను బాబూ! దాని రాత నిజం, నా నోరు అబద్ధం. చార్టు మార్చి చూడండి. ఒక్క అక్షరం చదివితే నా చెవి కోసేయండి."

"మార్చక్కర్లేదు. మేం చూడాల్సింది చూశాం" అంది శ్యామలాదేవి. "మీరు కాసేపు బయట కూర్చోండి."

వరండాలో బెంచీ. రోడ్డు మీద కార్లు ఒక పక్క నుంచి వచ్చి, నడిమధ్య మాయమై, రెండో పక్క తేలుతున్నాయి. ఎంతమంది నోట్లోనో మాట పెట్టినవాడు, తన మాట ఒక్కటి నమ్మించలేక మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. లోపలికి వెళ్ళి కాళ్ళు పట్టుకుందామా అనుకున్నాడు. తలుపు ఎటుందో తోచలేదు.

చివరికి మనోజ్ఞ వచ్చింది. ఆయన అరచేతిలో ఏదో పెట్టి వేళ్ళు ముడిచింది. చల్లగా, గుండ్రంగా ఉంది. సంఘం బ్యాడ్జీ.

"నన్ను చేర్చుకున్నారు తాతయ్యా. మీ కళ్ళకి వైద్యం రేపే మొదలు."

"నువ్వు రాసింది ఎలా నమ్మారే?"

"మీరే నమ్మించారు" అంది. ఆ మీదట నవ్వాగక ఆటో ఎక్కేదాకా మాట్లాడలేకపోయింది.

ఈగ సంగతి ముందే ఒప్పేసుకున్నాను గనక, ఈ కథలో నేను కల్పించింది ఇక ఒక్కటే మిగిలింది: ఆ చార్టు. ఆ గది గోడ మీద తెల్ల సున్నం తప్ప ఏమీ లేదు.