రెండు విమానాల మధ్య

"రెండింటికల్లా మళ్ళీ ఇక్కడ దింపెయ్యాలి. తర్వాతి విమానం అందుకోవాలి," అన్నాడతను టాక్సీ తలుపు వేసుకుంటూ.

డ్రైవరు అద్దంలోంచి ఒకసారి చూశాడు.

"ఇప్పుడెక్కడికి సార్?"

"పాత మార్కెట్ వెనక వీధి. అక్కడ బట్టలు కుట్టే ఆవిడ ఉండాలి."

"టైలరమ్మ ఇల్లా? మీకేమవుతారు?"

"అక్క."

"అక్కయ్యా! ఇన్నేళ్ళలో మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదే."

అతను వాచీ చూసుకున్నాడు.

బావ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ అతను రాలేదు. అంతా అయిపోయి, చుట్టాలు కూడా వెళ్ళిపోయాక వచ్చాడు. సెలవు దొరకలేదన్నాడు. అక్క గడపలోనే నిలబడి ఒకే మాట అంది. "ఇక నా కోసమని ఎప్పుడూ రాకు." అన్నమాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. అతను మళ్ళీ రాలేదు. ఫోను చేస్తే ఆమె తియ్యలేదు.

మార్కెట్ మలుపు కనిపించింది.

"కాస్త మెల్లగా పోనీ."

"ఇందాకే తొందరన్నారు కద సార్!"

"పోనీవయ్యా."

వీధి వైపు గదిలో అక్క మిషను తొక్కుతోంది. మెడలో టేపు, ఒళ్ళో ఎయిర్‌పోర్టులో సామాన్లు మోసేవాళ్ళ నీలం చొక్కా. జుట్టు నెరిసింది. నీడ పడేసరికి తలెత్తింది. మిషను ఆగింది.

దారంతా వల్లె వేసుకున్న మాట అతని నోట్లోంచి ఒక్క ఊపున వచ్చేసింది.

"నీ కోసమని రాలేదక్కా. ఇక్కడ విమానం మారాలి. మధ్యలో మూడు గంటలు ఖాళీ. అక్కడ కూర్చుందామంటే కుర్చీలు కూడా సరిగ్గా లేవు."

ఆమె అతని వంక చూసింది.

"విమానం మారాలా?"

"అవును."

"ఇక్కడ?"

"ఇక్కడే."

ఆమె దారం కొరికి తెంపింది. చొక్కా మడిచింది. విప్పి మళ్ళీ మడిచింది. వీధిలో టాక్సీ ఇంకా ఉందా అని అతను వెనక్కి చూశాడు.

"చెప్పులు అక్కడ విప్పు. ఇప్పుడే తుడిచాను," అంది.

లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. మంచం పట్టి చాలాకాలమైన మనిషి.

"ఎవరే వచ్చింది?"

"మా తమ్ముడత్తయ్యా. దారిలో వెళ్తూ ఆగాడు."

"ఏ తమ్ముడు?"

"ఉన్నది ఒక్కడేగా."

అక్క కంచంలో అన్నం పెట్టింది. అతను నాలుగు ముద్దలు తిని గోడ మీది బావ ఫొటో చూస్తూ ఉండిపోయాడు.

"ఆ మొహమేంటి అలా పీక్కుపోయింది? మరదలు తిండి పెట్టడం లేదా?"

"పెడుతుంది. నేనే సరిగ్గా..."

"నువ్వే. ఎప్పుడూ నువ్వే."

అతను తల వంచుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కొచ్చేసరికి ఆమె సూదిలో దారం ఎక్కిస్తోంది.

"చొక్కా గుండీ వేలాడుతోంది. ఇలా ఊడిన గుండీతో విమానాలు ఎక్కుతారా? ఇటు రా."

"విప్పి ఇస్తాను."

"అక్కర్లేదు. కదలకుండా నిలబడు, చాలు."

ఆమె తల అతని ఛాతీ దగ్గరుంది. ఎదురెదురుగా ఉంటే ఆ మాట వచ్చేది కాదు. ఆమె నడినెత్తికి చెప్పాడు.

"సెలవు దొరక్క కాదక్కా. బావని చూడ్డానికి వచ్చాను. ఆస్పత్రి గేటు దాకా వచ్చి, లోపలికి రాలేక వెనక్కి పోయాను. ఆయన్ని అలా చూడాలంటే భయమేసింది."

సూది ఆగింది.

"గేటు దాకా వచ్చావా?"

"వచ్చాను."

"లోపల నేనొక్కదాన్నే కూర్చుని ఉన్నాను రా. బల్ల మీద."

"తెలుసు."

ఆమె వెళ్ళిపొమ్మంటే మళ్ళీ రావడానికి అతనికి ఇంకో సాకు లేదు.

సూది మళ్ళీ కదిలింది.

"అప్పుడే చెప్పొచ్చుగా, వెధవా."

"చెబితే వినేదానివా?"

"వినేదాన్ని కాదు," అంది ఆమె. దారం తెంపి, గుండీని వేలితో లాగి చూసింది. "ఇక ఊడదు."

తర్వాత టీ ఇచ్చింది. అతని కూతురు ఎంత పొడుగైందో అడిగింది. కొలతలు రాసి పంపమంది, రెండు గౌన్లు కుడతానంది. మధ్యమధ్యలో గడియారం చూసింది అతను కాదు, ఆమె.

"ఇక లే. విమానం వెళ్ళిపోతుంది."

"ఇంకా టైముంది."

"ఉండదు. దారిలో రైల్వే గేటు పడితే అంతే. లే చెప్తాను."

టాక్సీ డ్రైవరు హారను కొట్టాడు. అతను చెప్పులు వేసుకుంటూ గడపలో ఆగాడు. ఏదో అనబోయాడు. ఆమే ముందు అంది.

"తిరిగి వచ్చేటప్పుడు కూడా ఇక్కడే విమానం మారాలా?"

"ఆఁ... మారాలనుకుంటా."

"ఎప్పుడు?"

"వచ్చే నెల."

"ముందు ఫోను చెయ్యి. తీస్తాను. పిల్లనీ, మరదల్నీ తీసుకురా. వాళ్ళూ మారాలిగా విమానం."

అతను తల ఊపాడు. గబగబా వెళ్ళి టాక్సీలో కూర్చున్నాడు. ఆమె బండి మలుపు తిరిగేదాకా వీధిలోనే నిలబడి, లోపలికి వచ్చి కళ్ళు తుడుచుకుంది.

"వెళ్ళాడా?" అంది అత్తగారు మంచం మీంచి. "పాపం, ఇప్పుడు ఏ ఊరి విమానం ఎక్కాలో పిల్లాడు!"

"ఇక్కణ్ణుంచి ముందుకు విమానాలెక్కడున్నాయి అత్తయ్యా, వాడు మనింటికే వచ్చాడు."