ఆకుపచ్చ మూత

“మళ్ళీ పదకొండే!”

కొత్తమ్మాయి తల పట్టుకుంది. పొద్దుటినుంచి ఇది అయిదోసారి. చేరి ఎనిమిది నెలలైనా ఆ ప్రయోగశాలలో ఆమె ఇంకా కొత్తమ్మాయే.

వాళ్ళ పరిశోధన ఒక ఎంజైముల కుటుంబం మీద. పదిహేనుమంది అన్నదమ్ములు. ఒంట్లోని ప్రోటీన్లను కత్తిరించడమే అందరి వృత్తీ. బుద్ధిగా ఎవరింట్లో వాళ్ళు కత్తిరించుకుంటున్నంతకాలం పేచీ లేదు. హద్దు దాటితేనే తంటా.

ఇన్నాళ్ళూ మిగతావాళ్ళను కొలిచారు. ఈ వారం మూడోవాడి వంతు వచ్చింది. మగవాళ్ళ ప్రోస్టేట్ గ్రంథిలో వాడి కాపురం. ఆ గ్రంథికి జబ్బు చేస్తే గోడ దూకి రక్తంలోకి వచ్చేస్తాడు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి వాడి లెక్క నాలుగు దాటకూడదు.

రోగుల రక్తం ఎర్ర మూత గొట్టాల్లో వస్తుంది. పోల్చి చూడడానికి, ఏ జబ్బూ లేని మనిషి రక్తం ఆకుపచ్చ మూత గొట్టంలో వస్తుంది. ప్రతి సోమవారం కింది అంతస్తులో నర్సు తీసి పైకి పంపుతుంది. దాని మీద పేరు రాయరు.

రోగులకు ఏడూ తొమ్మిదీ వచ్చాయి. ఆకుపచ్చ మూతకు పదకొండు!

“అంటే జబ్బుపడ్డవాళ్ళు బాగున్నట్టూ, బాగున్నవాడికి జబ్బున్నట్టూనా? ఏం చదివావమ్మా నువ్వు?”

ఆ మాటలు పెద్దసారువి. ప్రయోగశాలకు ఆయనే అధిపతి. అరవై దగ్గరపడ్డా లిఫ్టు ఎక్కరు. నాలుగంతస్తులూ మెట్లెక్కి వచ్చి, ఆయాసం లేకుండా తిట్టగలరు.

“సార్, రక్తంలోనే ఏదైనా తేడా...”

“ఆ రక్తాన్ని మాత్రం ఏమీ అనకు! ఆరేళ్ళుగా చూస్తున్నాను, బంగారం! నీ చెయ్యి వణికుంటుంది. లేదా ఆ యంత్రానికి పిచ్చెక్కుంటుంది.”

అక్కడికి ఆపి ఆయన గబగబా వరండా చివరికి వెళ్ళారు. తడిచేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చి మిగతా తిట్లు పూర్తి చేశారు. ఈమధ్య ఆయన తిట్లన్నీ ఇలా రెండు విడతల్లోనే వస్తున్నాయి. మధ్యలో కొత్తమ్మాయికి కాస్త ఊపిరి పీల్చుకునే వీలు దొరుకుతోంది.

“రేపు మెకానిక్ వస్తాడు. తప్పు యంత్రానిది కాదన్నాడో, ఇక నీదే. ఈ పని ఇంకొకరికిచ్చేస్తాను. నువ్వు గొట్టాలు కడుక్కుందువుగాని.”

కొత్తమ్మాయి ఇంటికెళ్ళి అమ్మ దగ్గర భోరుమంది.

“నీ చేతిమీద నీకు నమ్మకముందా, లేదా?” అంది అమ్మ.

“ఉందమ్మా.”

“మరి ఏడుపెందుకే? ముందు మొహం కడుక్కో.”

మర్నాడు మెకానిక్ వచ్చి యంత్రం పొట్ట విప్పాడు. తెచ్చుకున్న ద్రవం పోసి చూస్తే రావలసిన అంకే వచ్చింది. ఎర్ర మూతలన్నీ మళ్ళీ కొలవమని కొత్తమ్మాయికి చెప్పి, పక్కనే నిలబడి కళ్ళార్పకుండా చూశాడు. ఆమె చెయ్యి ఒక్కసారీ వణకలేదు. ఆఖరున ఆకుపచ్చ మూత.

పదకొండు.

పెద్దసారు అప్పుడే వరండా చివరినుంచి వస్తున్నారు. “ఏమయ్యా, తేలిందా? తప్పెవరిది?”

“యంత్రం గుండ్రాయిలా ఉంది సార్. అమ్మాయి పనికీ వంక పెట్టడానికి లేదు. ఆ అంకె నిజమే.” మెకానిక్ పనిముట్లు సర్దుకుంటూ అన్నాడు. “ఆ రక్తమిచ్చినాయన ఎవరోగానీ, ఇవాళే డాక్టరు దగ్గరికి పంపించండి.”

కొత్తమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. గండం గడిచిన సంబరంలో నవ్వు ఆగలేదు.

“ఇంతకీ ఆ బంగారం ఎవరిది సార్?” అని నవ్వుతూనే అడిగింది.

“నాదేనమ్మా,” అన్నారు పెద్దసారు, కూర్చోవడానికి కుర్చీ వెతుక్కుంటూ.