బీరువాలో రేడియో

రేడియో నోరు విప్పలేదు.

హెడ్మాస్టరు ఆదినారాయణ మీట తిప్పారు, తట్టారు, చివరికి ఎత్తి ఊపారు కూడా.

"బంగారంలాగా బీరువాలో దాచానమ్మా! అట్టపెట్టె కూడా నలగలా. దీనికేం మాయరోగం?"

"సెల్స్ తీసి దాచమని అన్నయ్య ఎన్నిసార్లు చెప్పాడండీ!" అంది జీవరత్నం టీచర్, ఏడుపు ఆపుకుంటూ.

"తీస్తే ఎట్టా? ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినోళ్లు సామాను తగ్గిందంటే నా జీతంలో కోస్తారు."

అన్నయ్య అంటే రేడియో అన్నయ్య. శనివారం సాయంత్రం 'బడిగంట'లో ఊరూరి బళ్ల కబుర్లు చెబుతాడు. రేడియో, టేపురికార్డరు ఎలా వాడుకోవాలో టీచర్లకు చిట్కాలు చెబుతాడు. గురజాలలో ఇంటికి చేరి ఆ గొంతు వింటే జీవరత్నానికి వారం రోజుల అలసట తీరిపోతుంది.

ఇవాళ ఆ కార్యక్రమంలో తమ బడి పేరు చెబుతారు. మండుటెండల్లో బిందెలతో నీళ్లు మోసి వేపమొక్కలన్నీ బతికించిన పిల్లల సంగతి తనే రాసి పంపింది. బడి వదిలినా పిల్లలెవరూ ఇళ్లకు కదల్లేదు. వినిపిస్తానని వాళ్లకు మాటిచ్చిందాయె.

అంతలో గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. యాభై ఏళ్ల మనిషి, మెడకు మఫ్లరు, చంకకు సంచి.

"ఎవరయ్యా? ఏం గావాల?"

ఆయన గొంతు మీద వేలు పెట్టి చూపించి, మాట రాదన్నట్టు చెయ్యి ఊపాడు.

"మూగాయన, పాపం" అంది జీవరత్నం.

"మూగంటే చెవుడు గూడా ఉంటదమ్మా" అని తేల్చేసి, మాస్టారు ఆయన చెవి దగ్గర నోరు పెట్టారు. "మంచినీళ్లా?"

ఆయన ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేశాడు. పిల్లలు ఘొల్లుమన్నారు. ఆయనా నవ్వేశాడు.

తర్వాత రేడియో వైపు చూశాడు. దగ్గరికొచ్చి వెనక మూత తీశాడు. సెల్స్ కారిపోయి లోపలంతా పచ్చగా చిలుము పట్టింది.

"ఒరేయ్, ఊడబీకుతున్నాడ్రా! ఆపండి!"

"ఆగండి మాస్టారూ. ఎట్టాగూ పలకడం లేదుగా!"

పలక అంచుతో చిలుము గీకాడు. జేబురుమాలుతో తుడిచాడు. మాస్టారి టార్చిలైటు చూపించి చెయ్యి చాపాడు. మాస్టారు గొణుక్కుంటూనే అందులో సెల్స్ తీసిచ్చారు.

రేడియో గరగరమంది. ఆ తర్వాత నాదస్వరం ఖంగున మోగింది.

పిల్లల కేకలకు పైకప్పు లేచిపోయేలా ఉంది. జీవరత్నానికి కళ్లు చెమర్చాయి.

"చానా మంచోడమ్మా" అన్నారు మాస్టారు. "బాగు చేశాడు గానీ వినే యోగం లేకపాయె."

"మా అన్నయ్య గొంతు ఒక్కసారి వింటే ప్రాణం లేచొస్తదండీ. ఈయనకా అదృష్టం లేదే!"

ఆయన భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. ఏం అర్థమై నవ్వుతున్నాడోనని ఆమెకు ఇంకా జాలేసింది. టిఫిను డబ్బాలో మిగిలిన రెండు అరిసెలు కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది.

రోడ్డు మీద మాచర్ల బస్సు హారన్ మోగింది.

ఆయన చటుక్కున లేచి, అందరికీ దణ్ణం పెట్టి, సంచి పట్టుకుని పరుగెత్తాడు.

'బడిగంట' మొదలైంది. కానీ అన్నయ్య కాదు, ఎవరో ఆడగొంతు. జీవరత్నం మనసు చివుక్కుమంది.

అయితేనేం, బడి పేరు వినిపించింది. వేపమొక్కలు, బిందెలు, పిల్లలు, అన్నీ వినిపించాయి. పిల్లలు గంతులేశారు. మాస్టారు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు.

చివర్లో ఆ గొంతు నవ్వుతూ అంది.

"ఇవాళ మన అన్నయ్య రాలేదేమని అడుగుతారని తెలుసు. ఆయనకు గొంతు పోయింది. నెల రోజులు పెదవి విప్పొద్దన్నారు డాక్టరు గారు. ఇంట్లో ఊరికే కూర్చోలేక పల్నాడులో మీ బళ్లన్నీ చూడ్డానికి బయల్దేరారు. మీ బడికొస్తే ఈసారి కబుర్లు మీరే చెప్పండి, ఆయన హాయిగా వింటారు."