కోల్బీ ఎంచుకున్న మూడు

"మళ్ళీ అదే మూడా?" కాగితం తిరగేస్తూ అన్నాడు ప్రొఫెసర్ లోవెన్. "నేల శాస్త్రం, బృందగానం, స్పానిష్. రెండుసార్లు వెనక్కి పంపాను కదా వెర్డా గారూ."

వెర్డా ఒళ్ళోని చేతిసంచీ సర్దుకుంది. "మార్చనంటున్నాడండీ."

ఆ చర్చి కాలేజీలో విద్యార్థి తన డిగ్రీని తానే కూర్చుకోవచ్చు. మూడు శాఖల పాఠాలు ఏరుకుని, వాటిని కలిపేదేమిటో ఒక్క వాక్యంలో రాసివ్వాలి. జైల్లో చదివేవాళ్ళకూ అదే నియమం. కోల్బీ బయటికి రాలేడు కాబట్టి ఆ కాగితాలు వెర్డా మోస్తోంది, శనివారం శనివారం, రానూపోనూ రెండువందల మైళ్ళు. నాలుగింటికి కమిటీ కూర్చుంటుంది. ఈసారీ కాదంటే జనవరి నుంచి జైలు తరగతిలో కోల్బీ పేరు ఉండదు.

"జైల్లో నేలెక్కడిదండీ?"

"పెరట్లో మంచమంత మడి ఇచ్చారు. ముల్లంగి వేశాడు."

"సరే. గొంతు బాగుంటుందా?"

"అబ్బే. తుప్పు పట్టిన గేటు తీసినట్టుంటుంది."

ప్రొఫెసర్ నవ్వేశాడు. "మరి పాటెందుకు?"

"కింది స్వరం నేర్చుకుని తీరతానంటాడు. నేనే చెబుతున్నా, ములాఖత్ గదిలో. కాపలా అతను పాపం గోడవైపు తిరిగి కూర్చుంటాడు."

"మీరు చర్చిలో పై స్వరం కదా పాడతారు! మగవాళ్ళ వరస మీకెలా వచ్చు?"

"ఇంట్లో వినీ వినీ వచ్చేసిందండీ. గిన్నెలు కడుగుతూ."

ప్రొఫెసర్ కెనడాలోని మానిటోబా నుంచి వచ్చి మూడు నెలలే అయింది. కాన్సస్‌లోని ఈ ఊరివాళ్ళ సంగతులు ఇంకా తెలియవు. పైన రాసిన పేరు చూసి, "ఇంటిపేరు వేరుగా ఉందే?" అన్నాడు.

"అవునండీ."

రెండో పెళ్ళి కాబోలనుకుని ఆయన ఇక కదపలేదు.

"స్పానిష్ దేనికి?"

"హోండురస్‌లో రెండేళ్ళు చర్చి తరఫున సేవ చెయ్యాలని."

"శిక్ష పడ్డవాణ్ణి ఆ దేశం రానిస్తుందా?"

"రానివ్వదని వాడికీ తెలుసు."

ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "అసలు శిక్ష ఎందుకు పడింది?"

"తాగి కారు నడిపాడు. సైకిల్ మీద వెళ్తున్న కుర్రాడు పోయాడు. అప్పటికి వీడికి పందొమ్మిదేళ్ళు."

"పోయిన పిల్లవాడి ఇంటివాళ్ళు?"

"మన చర్చివాళ్ళే. క్షమించామని ఆదివారంనాడు లేచి నిలబడి చెప్పారు."

"ఎంతైనా మనవాళ్ళు కదా!"

"చెప్పడానికి ఒక్క నిమిషం పట్టిందండీ," అంది వెర్డా, కిటికీలోంచి కోసేసిన పొలాలకేసి చూస్తూ.

 ఆమె సంచీలోంచి రేకుడబ్బా తీసింది. గోలీలంత క్రిస్మస్ బిస్కెట్లు. "లోపలికి తినేవి తీసుకెళ్ళనివ్వరు. మీరు తినండి."

"ఇవి చేస్తున్నప్పుడు అబ్బాయి గుర్తొస్తుంటాడు కదూ?"

"చెయ్యనప్పుడూనండీ."

ప్రొఫెసర్ కళ్ళజోడు పెట్టుకుని, కోల్బీ ఈసారి రాసిన వాక్యం పైకి చదివాడు. "'ఈ మూడూ ఒకే మనిషికి ఇష్టమైనవి.' అంతేనా? 'నాకిష్టం' అంటే పోయేదిగా! కమిటీలో నవ్వుతారండీ."

"నవ్వనీయండి. అది మాత్రం కొట్టెయ్యకండి."

ఆమె గొంతు విని ఆయన తలెత్తి చూశాడు. తర్వాత కలం తీశాడు.

"వాక్యం చూసి కాదు, మీ ముఖం చూసి పెడుతున్నాను సంతకం. కన్నతల్లి కాకపోతే ఇంత దూరం ఎవరు తిరుగుతారు?"

ఆయన సంతకం పెట్టి, కాగితం, కలం ఆమె ముందుకు జరిపాడు.

"ఒక్క గడి ఖాళీగా ఉంది. 'కాగితం తెచ్చినవారు విద్యార్థికి ఏమవుతారు?' అమ్మ అని రాసెయ్యండి, నాలుగవుతోంది."

కలం ఆ గడి మీద చాలాసేపు ఆగింది. వెర్డా రాసింది. కాగితం మడిచి, ఆయన చేతిలో పెట్టి, కోటు గుండీలు పెట్టుకుంటూ వెళ్ళిపోయింది.

కమిటీ గది తలుపు దగ్గర ప్రొఫెసర్ ఆ మడత విప్పాడు.

"ఇతని కారు కింద పోయిన గేలెన్‌కు అమ్మని."