పచ్చదీపం

మట్టిలో సారం పోయి, ఆకుకూరల్లో బలం లేకుండా పోయాక, అరవై దాటినవాళ్లందరికీ రోజుకో మెగ్నీషియం పొట్లం ఇస్తున్నారు. మణికట్టుకో పట్టీ కూడా కట్టారు. రక్తంలో మెగ్నీషియం చాలినంత ఉంటే అందులో పచ్చదీపం, తగ్గితే ఎర్రదీపం వెలుగుతుంది.

సన్యాసయ్యకు పిక్కలు పట్టేసేవి. అందుకని అతని భార్య పైడమ్మ రెండేళ్లుగా తన పొట్లం కూడా అతని అంబలిలోనే కలుపుతోంది.

"మరి నీకేటే?" అని అడిగితే పట్టీ చూపించేది. "పచ్చగానే ఉన్నాది కదా, తాగండి." అతను తాగేవాడు.

ఈ ఉదయం అంబలి తపేలా దింపుతుంటే ఆమె కుడిచెయ్యి పుటుక్కున విరిగింది.

ఆరోగ్య కార్యకర్త హైమ వచ్చి కట్టు కట్టింది. "తిండిలో మెగ్నీషియం లేకపోతే ఒళ్లు ఎముకల్లోంచి లాక్కుని రక్తంలో కలుపుకుంటాది మామ్మా. పట్టీ చూసేది రక్తాన్నే" అంది.

"అయితే దీనికింకో పొట్లం ఇయ్యమ్మా" అన్నాడు సన్యాసయ్య.

"పచ్చదీపం ఉన్నోళ్లకి ఎక్కువ ఇవ్వకూడదు తాతా. వచ్చే నెల నుంచి మామ్మకి ఉన్నదీ ఆపేస్తన్నారు, ఆరోగ్యంగా ఉన్నాదని."

హైమ వెళ్లాక అతను రెండు పొట్లాలూ అంబలిలో కలిపి భార్య ముందు పెట్టాడు. పైడమ్మ ఎడమచేత్తో గిన్నెను అతని వైపు జరిపింది.

"ముందు మీరు తాగండి. నానెప్పుడైనా ముందు తిన్నానేటి?"

సన్యాసయ్య గిన్నె అందుకున్నాడు. అలవాటుకొద్దీ అడుగు కనబడేదాకా తాగి, అప్పుడు ఆమె చేతివైపు చూశాడు. కట్టు సందులోంచి దీపం పచ్చగా వెలుగుతోంది.